టీవీఎస్ ఎక్స్‌ఎల్ మీద మోసుకెళ్ళే సిస్టమ్‌కు ఏ చిన్న క్యాబినెట్ తీసుకోవాలి?

లైవ్‌వాలా, హన్మకొండ

అందరికీ నమస్తే. నాది పెళ్ళిళ్ళ లైవ్ పని. ముహూర్తాలు లేని రోజుల్లో నయీంనగర్‌లో కిరాయి గదిలో కూర్చుని ఆల్బమ్ డిజైనింగ్, ఎడిటింగ్ చేస్తాను. ముహూర్తం ఉన్న రోజు అదే కంప్యూటర్ సిస్టమ్ వైర్లు పీకి, టీవీఎస్ ఎక్స్‌ఎల్ ముందర నిలబెట్టి, మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఫంక్షన్ హాల్‌కు పోతాను. మానిటర్ వెనకాల తమ్ముడి ఒళ్ళో. మూడేళ్ళుగా ఇదే కథ.

పోయిన నెల పరకాల రోడ్డు మీద ఒక స్పీడ్ బ్రేకర్ కనపడలేదు. బండి ఎగిరింది, క్యాబినెట్ పక్క అద్దం హ్యాండిల్‌కు తగిలి టప్‌మంది. పగిలి ముక్కలవుతుందనుకున్నా గానీ అట్లా కాదు, రాలింది. అక్షింతల్లా. చెప్పుల్లో, జేబుల్లో, చివరికి చొక్కా లోపల కూడా అవే. ఆ రోజు లైవ్ మొత్తం పక్కకు అట్టముక్క ఒకటి టేపు వేసి నడిపించాను. మధ్యలో టేపు ఊడి అట్ట పడిపోతే పెళ్ళికొడుకు మేనమామ వంగి చూసి "ఏందయ్యా, ఆపరేషన్ చేస్తున్నవా" అన్నాడు.

అందుకని ఈసారి చిన్న క్యాబినెట్‌కు మారాలని ఉంది. ఇప్పుడు నా దగ్గర ఉన్న సామాను ఇది: రైజెన్ 5 7600 ప్రాసెసర్ చిప్, మైక్రో ఏటీఎక్స్ సైజు బి650 మదర్‌బోర్డు, 32 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ గ్రాఫిక్ కార్డు. కార్డు రెండు ఫ్యాన్లది, టేపు పెట్టి కొలిస్తే 24 సెంటీమీటర్లు వచ్చింది. లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే ఎస్ఎమ్‌పీఎస్ మామూలు సైజు, 650 వాట్లు. చిప్ మీది కూలర్ డీప్‌కూల్ ఏకే400. ఇంకా వీడియో మిక్సర్ నుంచి హెచ్‌డీఎమ్ఐ వైరులో వచ్చే వీడియోను సిస్టమ్‌లోకి తీసుకోవడానికి లోపల ఒక క్యాప్చర్ కార్డు.

మనసు పడింది మాత్రం ఫ్రాక్టల్ డిజైన్ వాళ్ళ టెర్రా క్యాబినెట్ మీద. ముందర అడుగున వాల్‌నట్ చెక్క పట్టీ, అటూ ఇటూ అల్యూమినియం తలుపులు, మొత్తం 10.4 లీటర్లట. మా అమ్మకు చెప్తే లీటర్లంటే ఏందిరా, అందులో నీళ్ళు పోస్తరా అంది. 15 కిలోల నూనె డబ్బా కంటే చిన్నదమ్మా అని చెప్పాను. అప్పుడు "అయితే మంచిదే" అంది.

క్యాబినెట్‌కు, ఇంకేమన్నా కావాలంటే వాటికి కలిపి 25 వేల దాకా పెట్టగలను. టెర్రా తీసుకోవచ్చా? ఎండాకాలం హాల్స్‌లో ఏసీ ఉండదు, స్టేజీ పక్కన ప్లాస్టిక్ టేబుల్ ఇస్తారు, అంతే. వేడికి తట్టుకుంటుందా? ఇంకో డౌట్: కొన్ని హాల్స్‌లో క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జుమ్మంటుంది. అల్యూమినియం అయితే ఇంకా ఎక్కువ కొడుతుందా? టెన్షన్‌గా ఉంది.

డబ్బాప్రేమి, కాజీపేట

కళ్ళు మూసుకుని కూలర్ మాస్టర్ ఎన్ఆర్200పీ తీసుకో అన్నా. హాస్టల్‌లో రెండేళ్ళుగా అదే వాడుతున్నా. 18 లీటర్ల పైచిలుకు. నీ నూనె డబ్బా కంటే కొంచెం పెద్దది, అంతే. కార్డు 33 సెంటీమీటర్ల దాకా పడుతుంది, జాలీ ప్యానెల్ పెడితే కూలర్ 155 మిల్లీమీటర్ల ఎత్తు దాకా పడుతుంది. నీ ఏకే400 ఎత్తు సరిగ్గా 155. ప్యానెల్ మూసేటప్పుడు ఊపిరి బిగపట్టాలి గానీ మూసుకుంటుంది.

టెర్రా అందం బాగానే ఉంటుంది కానీ అందులో బోర్డు ఒక పక్క, గ్రాఫిక్ కార్డు రెండో పక్క వీపులు ఆనించుకుని కూర్చుంటాయి. రెండింటినీ కలిపేది రైజర్ కేబుల్. వాడినవాళ్ళకు తెలుస్తుంది దాని సంగతి. నా ఫ్రెండ్ ఒకడు వేరే క్యాబినెట్‌కు సెకండ్ హ్యాండ్ రైజర్ కొన్నాడు, అది పీసీఐఈ (బోర్డు, కార్డు మాట్లాడుకునే దారి) మూడో తరం కేబుల్. కార్డు నాలుగో తరం వేగంతో మాట్లాడబోతుంది, స్క్రీన్ నల్లగా అయిపోతుంది. బయోస్‌లోకి, అంటే బోర్డు సెట్టింగుల్లోకి పోయి జెన్3 (మూడో తరం) అని పెట్టాల్సిందే. కానీ బయోస్ కనపడాలంటే స్క్రీన్ రావాలి కదా! చివరికి కార్డు పీకేసి, బోర్డు హెచ్‌డీఎమ్ఐకి మానిటర్ పెట్టి మార్చాడు.

ఎర్త్‌పిన్, కాజీపేట

తమ్మీ, ఆ చెక్క పట్టీ బాగుంటుంది, కాదనను. కానీ నువ్వు చివర్లో ఒక్క ముక్క చెప్పి దాటేసిన క్యాప్చర్ కార్డు దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది.

టెర్రా గానీ, పైన తమ్ముడు చెప్పిన ఎన్ఆర్200పీ గానీ మిని ఐటీఎక్స్ బోర్డుల కోసం చేసినవి. 17 సెంటీమీటర్ల చదరం, 2001లో తైవాన్ కంపెనీ వియా తెచ్చిన కొలత. ఆ కాస్త జాగాలో కార్డు గుచ్చే స్లాట్ ఒక్కటే వస్తుంది. అందులో 3060 కూర్చుంటే నీ క్యాప్చర్ కార్డు వాకిట్లో నిలబడాలి. పైగా నీ మైక్రో ఏటీఎక్స్ బోర్డు ఆ రెండింట్లోనూ పట్టదు కాబట్టి కొత్త బోర్డు. ఏఎమ్5కు, అంటే నీ 7600 కూర్చునే సాకెట్‌కు, ఐటీఎక్స్ బోర్డు అంటే ఇరవై వేలు పెట్టుకో. బోర్డు చిన్నదైతే ధర తగ్గుతుందనుకుంటారు చాలామంది, ఇక్కడ ఉల్టా.

తర్వాత ఎస్ఎమ్‌పీఎస్. నీ దగ్గరున్న మామూలుది 15 సెంటీమీటర్ల వెడల్పు, 8.6 ఎత్తు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అని గీత గీసింది, ఇప్పటికీ ఆ గీత మీదే నడుస్తున్నాం. చిన్న క్యాబినెట్లకు ఎస్ఎఫ్ఎక్స్ కావాలి, 12.5 వెడల్పు, 6.35 ఎత్తు, 10 పొడవు. మంచిదైతే పది వేలకు అటూ ఇటూ. టెర్రాలో కూలర్ ఎత్తు మహా అయితే 77 మిల్లీమీటర్లు, నీ 155 కూలర్ అటకెక్కుతుంది, అదీ కొత్తదే. కౌపీన సంరక్షణార్థం అని ఆ సన్యాసి గోచీ కోసం పిల్లిని, పిల్లి కోసం ఆవును తెచ్చుకున్నట్టు, చెక్క పట్టీ కోసం బోర్డు, ఎస్ఎమ్‌పీఎస్, కూలర్ అన్నీ కొనాలి. క్యాబినెట్ ధర ఇంకా కలపనే లేదు. నీ 25 వేలు బోర్డు దగ్గరే ఆవిరి.

వేడి గురించి అడిగావు. యూట్యూబ్‌లో క్యాబినెట్ పరీక్షించేవాళ్ళు 68 డిగ్రీలు, 72 డిగ్రీలు అని చూపిస్తారు. వాళ్ళ గది ఎంత ఉందో చూడు. ఇరవై, పాతిక ఉంటుంది. కూలర్ ఎంత గొప్పదైనా గదిలో ఉన్న గాలితోనే కదా చల్లబరచేది. గదిలో 15 డిగ్రీలు పెరిగితే చిప్ మీద కూడా సుమారుగా అంతే పెరుగుతుంది. మే నెలలో రామగుండం వైపు 45 దాటుతుంది, మన దగ్గర 43 అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఏసీ గదిలో 72 చూపించిన డబ్బా నీ ఫంక్షన్ హాల్లో 90 దగ్గర ఉంటుంది. 7600 హద్దు 95. ఆ పైన తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కాలిపోదు, భయపడకు, కానీ ఫ్యాన్ మోతకు పంతులు గారు నీ వైపు చూస్తారు.

నీ అదృష్టం ఏమిటంటే నీ సామాను కరెంటు పెద్దగా తాగేది కాదు. 7600ని 65 వాట్ల చిప్ అంటారు గానీ బోర్డు దాన్ని 88 దాకా పోనిస్తుంది. 3060 ఒక 170. లైవ్‌లో కార్డులో ఉన్న ఎన్‌కోడర్ (వీడియోను కుదించే భాగం) పని చేస్తుంది కాబట్టి అంత కూడా లాగదు. బయోస్‌లో ఎకో మోడ్ పెట్టు, 88 కాస్తా 60 దగ్గర ఆగుతుంది. లైవ్‌లో తేడా నీకు కనపడదు.

ఇంతకీ ఏం కొనాలి అంటే, నా మాట విని లీటర్ల మోజు కొంచెం తగ్గించుకో. లియాన్ లీ వాళ్ళది ఏ3 అని ఉంది, డాన్ కేసెస్ వాళ్ళతో కలిసి చేసింది. 26.3 లీటర్లు, నీ లెక్కలో డబ్బా డబ్బాన్నర. మైక్రో ఏటీఎక్స్ బోర్డు పడుతుంది, మామూలు ఎస్ఎమ్‌పీఎస్ పడుతుంది, కూలర్ 165 దాకా పడుతుంది. అంటే నీ ఇంట్లో ఉన్న సామాను మొత్తం అందులోకి పోతుంది. అద్దం లేకుండా చుట్టూ జాలీ. ముందర చెక్క ఉన్న రకం కూడా ఉంది, నీ ముచ్చటా తీరుతుంది. ఫ్యాన్లు మాత్రం దాంతో రావు, వేరుగా కొనుక్కోవాలి.

ఇక చేతికి జుమ్మనే సంగతి. దీని మీద నేను ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నా బల్ల మీదికి రిపేరుకు వచ్చే మిక్సర్లలో హెచ్‌డీఎమ్ఐ పోర్టు పోయినవే ఎక్కువ. ఏ ఎస్ఎమ్‌పీఎస్ లోపలైనా కరెంటు వచ్చే చోట రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజ్ నుంచి, ఒకటి న్యూట్రల్ నుంచి, రెండూ క్యాబినెట్ ఇనుముకు కలిసి ఉంటాయి. సౌండ్‌లో మోత, తెర మీద గీతలు రాకుండా పెట్టినవి. ఎర్త్ ఉంటే వాటిలోంచి వచ్చే చిటికెడు కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ గాలిలో వేలాడుతూ 230లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర నిలబడుతుంది. కరెంటు చాలా కొంచెం కాబట్టి జుమ్మంటుంది, అంతే. ఉక్కుదైనా అల్యూమినియందైనా తేడా లేదు, రంగు లేని చోట చెయ్యి పడితే తెలుస్తుంది. నువ్వు మూడు పిన్నుల ప్లగ్గుకు టూ పిన్ కన్వర్టర్ తగిలిస్తున్నావు, అవునా?

నీకు జుమ్మంటే పరవాలేదు, మిక్సర్‌కు జుమ్మంటేనే నష్టం. సిస్టమ్ ఒక స్విచ్ బోర్డులో, మిక్సర్ ఇంకో స్విచ్ బోర్డులో గుచ్చి, రెండూ ఆన్ చేసి, అప్పుడు హెచ్‌డీఎమ్ఐ గుచ్చావనుకో. ఆ క్షణంలో ఆ తేడా అంతా సన్నటి పిన్నుల్లోంచి పోతుంది. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టు, ముందు హెచ్‌డీఎమ్ఐ వైర్లు, ఆ తర్వాత కరెంటు. టెస్టర్ ఒకటి జేబులో ఉంచు. కన్వర్టర్ లేకుండా గుచ్చి, క్యాబినెట్ వెనక స్క్రూకు ఆనిస్తే బల్బు వెలిగిందంటే ఆ పాయింట్‌లో ఎర్త్ లేనట్టే. హాల్ ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఎర్త్ ఉన్న పాయింట్ ఎక్కడుందో చూపించమను. టెస్టర్ వెలగని పాయింట్ దొరికేదాకా హెచ్‌డీఎమ్ఐ వైరు గుచ్చకు.

బండి మీద ఇంకెప్పుడూ నిలబెట్టి తీసుకుపోకు. బోర్డు కిందికి, కూలర్ ఆకాశం వైపు ఉండేట్టు పడుకోబెట్టు. నిలబెడితే అంత బరువు కూలర్ బోర్డుకు అడ్డంగా వేలాడుతుంది, ప్రతి గుంతకూ బోర్డును గుంజుతుంది. గ్రాఫిక్ కార్డు కూడా అంతే.

డబ్బాప్రేమి, కాజీపేట

ఎర్త్‌పిన్ అన్నా, క్యాప్చర్ కార్డు నేను చూసుకోలేదు, ఒప్పుకుంటా. కానీ దానికోసం డబ్బాన్నర సైజుకు పోవాలా? క్యాప్చర్ యూఎస్‌బీలో కూడా దొరుకుతుంది. యూఎస్‌బీ 3 ది అయితే 1080లో 60 ఫ్రేములు ఇబ్బంది లేకుండా తీసుకుంటుంది. పెళ్ళి లైవ్‌కు అంతకంటే ఏం కావాలి? పాత బోర్డు, పాత ఎస్ఎమ్‌పీఎస్ అమ్ముకుంటే ఎంతో కొంత వస్తుంది.

ఐటీఎక్స్ కట్టడంలో ఉన్న మజా వేరు అన్నా. నేను మొదటిసారి కట్టినప్పుడు అంతా బిగించాక గుర్తొచ్చింది, రెండో ఎమ్.2 ఎస్ఎస్‌డీ (ఫైళ్ళు దాచుకునే సన్నటి డ్రైవ్) బోర్డు వీపున పెట్టాలని. మళ్ళీ మొత్తం విప్పా. రాత్రి రెండున్నర. అప్పటి నుంచి ఎవరికైనా ఒకటే చెప్తా: బోర్డును దాని అట్టపెట్టె మీద పెట్టుకుని, చిప్, ర్యామ్, ఎస్ఎస్‌డీలు, కూలర్ అన్నీ బయటే బిగించి, ఒకసారి ఆన్ చేసి స్క్రీన్ చూసుకున్నాకే లోపలికి దించాలి.

ఎర్త్‌పిన్, కాజీపేట

ఇంట్లో అయితే నువ్వు చెప్పింది నూటికి నూరు రైట్. పెళ్ళిలో కాదు. బయట వేలాడే క్యాప్చర్ డబ్బీకి ఒక పక్క లావుపాటి హెచ్‌డీఎమ్ఐ, ఇంకో పక్క యూఎస్‌బీ. తలంబ్రాలప్పుడు స్టేజీ మీదికి ఎంతమంది ఎక్కుతారో నీకు తెలుసు కదా. ఎవరి కాలో తగులుతుంది, లైవ్ పోతుంది, అమెరికాలో ఉన్న పెద్దన్నయ్య ఫోన్ చేసి తమ్ముణ్ణి తిడతాడు. లోపల స్క్రూ వేసి బిగించిన కార్డుకు ఆ బాధ లేదు. నీది హాస్టల్ బల్ల మీద కదలకుండా ఉండే సిస్టమ్, నీకు ఎన్ఆర్200పీ సరైనదే.

దుమ్ముగూడు, మంచిర్యాల

లేటుగా చూశాను. మాది బొగ్గు ఊరు. ఫ్యాన్ రెక్కలు నెల రోజుల్లో నల్లబడతాయి. జాలీ క్యాబినెట్ అందరూ మంచిదంటారు, గాలికి మంచిదే, దుమ్ముకు కూడా అంతే మంచిది. గాలి లోపలికి తీసుకునే వైపు సన్న నెట్ ఉండాలి, అది చేత్తో పీకి కడుక్కునేలా ఉండాలి. స్క్రూలు విప్పి తీసే నెట్ అయితే మనం కడగం. నిజం చెప్తున్నా, ఎవరూ కడగరు.

ఇంకొకటి, ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. పాత కార్డు తీసేసిన చోట వెనక రేకు పట్టీ మళ్ళీ పెట్టండి. ఒకసారి నేను అలసత్వం చేశా. వానాకాలంలో వెచ్చగా ఉంటుందని బల్లి లోపలికి దూరింది. సిస్టమ్ ఆన్ చేస్తే కూలర్ ఫ్యాన్ తిరగదు, గుర్‌మంటుంది. విప్పి చూస్తే తోక ఫ్యాన్ రెక్కల్లో, బల్లి లేదు. మూడు రోజులు దానికోసం ఎస్ఎమ్‌పీఎస్ జాలీలోకి టార్చి వేసి చూశాను. దొరకలేదు. ఇప్పటికీ సిస్టమ్ ఆన్ చేసేటప్పుడు ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది.

లైవ్‌వాలా, హన్మకొండ

మూడు వారాలు అయింది, చెప్పకుండా ఉంటే బాగుండదు కదా. ఏ3 తీసుకున్నాను, చెక్క ముందున్నదే. హన్మకొండ చౌరస్తాలో అడిగితే ఆ పేరే వినలేదన్నారు. ఆదివారం పొద్దున సికింద్రాబాద్ రైలెక్కి, కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి పోదామనుకుని, ఆదివారం దుకాణాలు ఉండవని గుర్తొచ్చి ఆన్‌లైన్‌లోనే తెప్పించా. క్యాబినెట్, మూడు ఫ్యాన్లు కలిపి బడ్జెట్‌లో సగం కూడా దాటలేదు. మిగిలిన దాంతో బండికి రెండు టైర్లు వేయించాను, అది వేరే సంగతి.

కట్టడం మాత్రం శనివారం పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే సాయంత్రం నాలుగైంది. ఈ క్యాబినెట్‌లో ఎస్ఎమ్‌పీఎస్ ముందు వైపు, ఒక ఫ్రేముకు వేలాడుతుంది. వెనక పవర్ వైరు గుచ్చే చోటు నుంచి ముందు దాకా లోపలే ఒక పొడుగు వైరు ఇచ్చారు. అది చూసుకోకుండా ముందు ఎస్ఎమ్‌పీఎస్ బిగించేశాను, తర్వాత ఆ వైరు ప్లగ్గు గుచ్చడానికి వేళ్ళు దూరలేదు. విప్పి మళ్ళీ బిగించా. నా ఎస్ఎమ్‌పీఎస్ వైర్లు ఊడేవి కావు, వాడనివన్నీ కలిపి జడలా అల్లి దాని కిందికి తోశాను. చూడటానికి కొప్పులా ఉంది. జాలీలోంచి పెద్దగా కనపడదు.

పెద్ద పొరపాటు ఒకటి జరిగింది. ముందర యూఎస్‌బీకి వచ్చే ఆ లావుపాటి నీలం ప్లగ్గు ఉంటుంది కదా, బోర్డు మీద 19 పిన్నుల మీద కూర్చునేది. వైరు చాలా బిరుసు. గ్రాఫిక్ కార్డు పెట్టాక దాన్ని పక్క నుంచి నొక్కాను. కూర్చోలేదు. తీసి ఫోన్ లైటు వేసి చూస్తే మూలన ఉన్న ఒక పిన్ను పడుకుని ఉంది. గుండె ఆగింది. మా అమ్మ కుట్టు సూది తెచ్చి ఇచ్చింది, కార్డు తీసేసి, సూది మొనతో కొంచెం కొంచెంగా లేపాను. ఒకేసారి లేపితే విరుగుతుందని తెలుసు. పది నిమిషాలు ఊపిరి తీసుకున్నానో లేదో గుర్తులేదు. నిలబడింది. తర్వాత ప్లగ్గును సూటిగా పై నుంచి, రెండు బొటనవేళ్ళతో దించాను. కొత్తగా కట్టేవాళ్ళు ఆ ప్లగ్గు గ్రాఫిక్ కార్డు కంటే ముందే పెట్టుకోండి.

క్యాప్చర్ కార్డు కింది స్లాట్‌లో పెట్టాను. 3060 ఫ్యాన్లకు, దానికి మధ్య వేలు దూరేంత సందు ఉంది. వెనక ఒక ఫ్యాన్, పైన రెండు, మూడూ వేడి బయటికి తోసేవే. ఎకో మోడ్ పెట్టాను. గదిలో 36 డిగ్రీలు ఉన్నప్పుడు గంటసేపు వీడియో ఎక్స్‌పోర్ట్ చేస్తే చిప్ 74, కార్డు 77 చూపించింది. మోత అంతకు ముందు కంటే ఎక్కువే, జాలీ కదా, లోపలి చప్పుడు బయటికి వినపడుతుంది. పక్క పోర్షన్ ఆంటీ ఇంతవరకు ఏమీ అనలేదు.

ఎర్త్‌పిన్ అన్నా, మీరు అడిగింది నిజమే, టూ పిన్ కన్వర్టరే వాడేవాణ్ణి. నర్సంపేట దగ్గర ఒక హాల్లో టెస్టర్ పెట్టి చూస్తే వెనక స్క్రూ మీద దీపావళే. హాల్ ఎలక్ట్రీషియన్‌కు చూపిస్తే "అందరికీ అట్లే ఉంటది, చెప్పులేసుకో" అన్నాడు. చివరికి వంటశాలలో గ్రైండర్ కోసం వేసిన మూడు పిన్నుల పాయింట్ దొరికింది, అక్కడ వెలగలేదు. 20 మీటర్ల వైరు లాగి, సిస్టమ్, మిక్సర్, మానిటర్ అన్నీ ఒకే బాక్సులో పెట్టా. జుమ్ పోయింది. కాకపోతే పప్పు తాలింపు వేసేటప్పుడు ఎవరో గ్రైండర్ కోసం నా ప్లగ్గు పీకారు. 600 వీఏ యూపీఎస్ ఉండబట్టి లైవ్ నిలిచింది. ఇప్పుడు ప్లగ్గు మీద "పెళ్ళి ఆగిపోతుంది, పీకవద్దు" అని కాగితం అంటిస్తున్నా.

బండి మీద మీరు చెప్పినట్టే పడుకోబెట్టి, కింద పాత బొంత మడత వేసి, సైకిల్ ట్యూబుతో కడుతున్నాను. 44 సెంటీమీటర్ల పొడవు కాబట్టి కాళ్ళు కొంచెం పక్కకు జరపాలి. దుమ్ముగూడు అన్నా, వెనక రేకు పట్టీలు అన్నీ ఉన్నాయి, లెక్కపెట్టా.

ఎల్లుండి ములుగులో లైవ్ ఉంది. ఆ రోడ్డు మీద రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిసినవాళ్ళు జర చెప్పండి.